రాగి తగలని జీఐ పైపుకు చిల్లులు: ఒక హాస్టల్ వేడినీళ్ల లైను కేస్ స్టడీ

నేపథ్యం

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఉన్న ఆడపిల్లల హాస్టల్ ఇది. మూడంతస్తుల భవనం. డాబా మీద రోజుకు 2000 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది. ఎండకు నీళ్లు కాచే ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్లు పదహారు, వాటి లోపలి గొట్టాలన్నీ రాగివి. వేడినీళ్లు నిలిచే ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుది. అక్కడి నుంచి బాత్రూముల దాకా వేసింది జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు, నీలం పట్టీ ఉన్న బి క్లాసు. చన్నీళ్ల లైను కూడా అదే రకం పైపు, అదే ఏడాది వేసింది. నీళ్లు బోరువి. కలెక్టర్లలో ఉప్పు పేరుకుంటోందని తర్వాత నీటి గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించారు.

వంటగది బ్లాకుకు మాత్రం విడిగా ఒక ఎలక్ట్రిక్ బాయిలర్ ఉంది. దాని ట్యాంకు స్టెయిన్‌లెస్, హీటింగ్ ఎలిమెంట్ ఇంకోలాయ్ (నికెల్, ఇనుము, క్రోమియం మిశ్రమలోహం). దాని వేడినీళ్ల లైనూ జీఐయే, నీళ్లూ ఆ బోరువే. మొదట ఎవరూ దీన్ని పట్టించుకోలేదు కానీ, చివరికి కేసును తేల్చింది ఈ బాయిలరే.

సమస్య

సాఫ్ట్‌నర్ పెట్టిన ఏడాదికల్లా వేడినీళ్ల లైనుకు లీకులు మొదలయ్యాయి. పైపు మొత్తం సన్నబడి పగిలిపోవడం కాదు. గుండుసూది దూరేంత చిల్లులు, చుట్టూ గోడ మందం దాదాపు అలాగే ఉంది. ట్యాంకుకు దగ్గరగా ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. చన్నీళ్ల లైనుకు ఒక్క చిల్లు కూడా లేదు.

ఇంకో లక్షణం కూడా ఉంది. బాత్రూముల్లో కారే వేడినీళ్ల కుళాయిల కింద, తెల్ల టైల్స్ మీద నీలిపచ్చ మరకలు పడేవి. నాచు అనుకుని బ్లీచింగ్ పొడితో రుద్దేవాళ్లు. మరక పోయేది కాదు. శుభ్రం చేసే ఆయమ్మ ఒకామె, "ఇది నాచు కాదు సార్, బిందెకు పట్టే చిలుము లాంటిది" అన్నది. ఆమె మాట అక్షరాలా నిజం. నాచైతే బ్లీచింగ్‌కు చచ్చి తెల్లబడుతుంది. రాగి లవణాల మరక బ్లీచింగ్‌కు లొంగదు, వెనిగర్‌కు కరుగుతుంది. అంటే నీళ్లలో కరిగిన రాగి వస్తోంది. ఇత్తడి వాల్వులను పక్కన పెడితే, లైనులో రాగి ఉన్నది ఒక్కచోటే, కలెక్టర్లలో.

అప్పటికే చేసి చూసినవి

మొదటిది, లీకైన ముక్కలు తీసేసి ఎర్ర పట్టీ సి క్లాసు పైపు వేయడం. ఒక ఇంచీ పైపులో బి క్లాసు గోడ 3.2 మిల్లీమీటర్లు, సి క్లాసు 4. "గోడ మందమైతే ఎక్కువ కాలం వస్తుంది" అన్న లెక్క మామూలు తుప్పుకు సరిపోతుంది. ఇక్కడ తుప్పు గోడంతా సమానంగా తినడం లేదు, ఒక చుక్క దగ్గర కూర్చుని లోపలికి తవ్వుతోంది. పైగా కొత్త పైపులోని తాజా జింకు పూత రాగికి ఇంకా అనువైన చోటు. ముక్కలు మార్చినందుకు కొన్ని నెలలు కలిసొచ్చాయి, అంతే.

రెండోది, ఇన్సులేటెడ్ యూనియన్లు, అంటే లోహం గుండా కరెంటు దాటనివ్వని పైపు జాయింట్లు. ఇత్తడి వాల్వు, జీఐ పైపు కలిసే ప్రతిచోటా మధ్యలో నైలాన్ బుష్ ఉన్న యూనియన్ బిగించారు. ఇది పనికిమాలిన పని కాదు. రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉంటే ఎలక్ట్రాన్లు లోహం గుండా ఒకదాని నుంచి మరోదానికి నడుస్తాయి, యూనియన్ ఆ దారి మూసేస్తుంది. నిజంగానే ఆ తర్వాత జాయింట్ల దగ్గర లీకులు తగ్గాయి. కానీ పైపు మధ్యలో, ఏ ఇత్తడీ దరిదాపుల్లో లేని చోట చిల్లులు పడుతూనే ఉన్నాయి. అందరూ తికమక పడింది ఇక్కడే.

మూడోది, ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ. మెగ్నీషియం తాను కరిగిపోయి ట్యాంకును కాపాడుతుంది. కానీ ఆ రక్షణ ట్యాంకు లోపలికే. పైపు నోట్లోంచి దాని వ్యాసానికి కొన్ని రెట్ల దూరం మించి కరెంటు చేరదు. అదీగాక పూత లేని స్టెయిన్‌లెస్ గోడ అంతా కడ్డీ నుంచి కరెంటు లాగుతుంది. కిలో మెగ్నీషియంలో సిద్ధాంతపరంగా దాదాపు 2200 ఆంపియర్ గంటలు ఉంటాయి, ఉపయోగంలోకి వచ్చేది అందులో సగం. 0.2 ఆంపియర్లు లాగినా కడ్డీ ఎనిమిది నెలలు నిలవదు. ఎనామిల్ పూత ఉన్న ట్యాంకులో ఇదే కడ్డీ ఏళ్ల తరబడి వస్తుంది. అక్కడ కరెంటు లాగేది పూత లేచిన చిన్న చిన్న చోట్లే.

పరమాణువు స్థాయిలో జరుగుతున్నది

యూనియన్ ఎందుకు చాలలేదో అర్థం కావాలంటే పైపు గోడ దగ్గర ఎలక్ట్రాన్లు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోతున్నాయో చూడాలి.

రాగి పరమాణువులో 29 ప్రోటాన్లు, 29 ఎలక్ట్రాన్లు. కలెక్టర్ గొట్టంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న వేడినీళ్లు రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ రాగి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. రెండు ఎలక్ట్రాన్లు పోయిన రాగికి 27 మిగులుతాయి. కేంద్రకం చెక్కుచెదరదు, 29 ప్రోటాన్లూ అలాగే ఉంటాయి. కాబట్టి రెండు ధనావేశాలు పైకి తేలతాయి. అది ఇక పరమాణువు కాదు, అయాన్. నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపును దానికి తిప్పి చుట్టూ చేరతాయి, అది గోడను వదిలి నీళ్లతో పాటు ప్రయాణం కడుతుంది. గొట్టం లోంచి లోహం పోవడం అంటే ఇదే.

ఈ రాగి అయాన్ ట్యాంకు దాటి జీఐ పైపులోకి వచ్చి జింకు పూతను తాకుతుంది. జింకుకు 30 ప్రోటాన్లు, 30 ఎలక్ట్రాన్లు. బయటి రెండు ఎలక్ట్రాన్లను వదులుకోవడంలో జింకు రాగి కంటే చాలా ముందుంటుంది. ఎలక్ట్రాన్లు వదులుకునే చొరవను కొలిచే (మైనస్ ఎంత ఎక్కువైతే చొరవ అంత ఎక్కువ) ప్రామాణిక పొటెన్షియల్‌లో మెగ్నీషియం మైనస్ 2.37 వోల్టులు, జింకు మైనస్ 0.76, ఇనుము మైనస్ 0.44, రాగి ప్లస్ 0.34. జింకుకూ రాగికీ తేడా 1.10 వోల్టులు. 1836లో డేనియల్ కట్టిన బ్యాటరీ నడిచింది ఈ తేడా మీదే. కాబట్టి గోడలోని జింకు రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి, 28 ఎలక్ట్రాన్లు గల అయాన్‌గా మారి నీళ్లలోకి దిగిపోతుంది. ఆ రెండూ అందుకున్న రాగి అయాన్ మళ్లీ మామూలు రాగి పరమాణువై అక్కడే, జింకు ఖాళీ చేసిన చోటే అతుక్కుంటుంది.

కేసుకు కీలకం ఇది: నీళ్లలో ఎలక్ట్రాన్ విడిగా ప్రయాణించలేదు, అయాన్ ప్రయాణించగలదు. నైలాన్ బుష్ ఎలక్ట్రాన్ దారిని మూసింది. అయాన్ బుష్ మధ్యలోని రంధ్రం గుండా నీళ్లతో పాటు దర్జాగా దాటిపోయింది. జీఐ పైపుకు రాగి ముక్క ఎక్కడా తగలనవసరం లేదు. రాగి తానే అయాన్ రూపంలో వచ్చి, గోడ మీద వాలి, మళ్లీ లోహమైంది. ఇప్పుడు ప్రతి రాగి చుక్కా పైపు గోడకు నేరుగా తగిలి ఉన్న ఒక చిన్న బ్యాటరీ. ఆ రెంటి మధ్య ఏ బుష్షూ పెట్టలేం.

అసలు నష్టం ఆ తర్వాతే. రాగి చుక్క తాను కరగదు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి అనువైన వేదిక అవుతుంది. చుట్టూ ఉన్న జింకు, అది అయిపోయాక కింది ఇనుము, ఆ ఎలక్ట్రాన్లు సరఫరా చేస్తూ పోతాయి. 26 ఎలక్ట్రాన్ల ఇనుము 24కు దిగి నీళ్లలో కలుస్తుంది, ఆక్సిజన్ తగిలి ఇంకొకటి పోగొట్టుకుని తుప్పు గడ్డ కడుతుంది. గడ్డ కింద నీళ్లు కదలవు. అక్కడ ఇనుము అయాన్లు నీటితో చర్య జరిపి ఆమ్లత్వం పెంచుతాయి. ధనావేశం పోగవుతుంది కాబట్టి దాన్ని సరితూచడానికి క్లోరైడ్ అయాన్లు లోపలికి చేరతాయి. గుంట తనను తానే లోతుచేసుకుంటుంది.

రుజువు చేసిన విధానం

ఇదే లక్షణాలకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయకుండా ముందుకు పోకూడదు. నీళ్లు దాదాపు 60 డిగ్రీలు దాటితే, బైకార్బొనేట్, నైట్రేట్ ఎక్కువున్న నీళ్లలో, జింకు మీది పొర స్వభావం మారి జింకు ఇనుము కంటే తక్కువ చురుగ్గా అయిపోతుంది. అప్పుడు కాపాడవలసిన జింకే ఇనుమును కరిగిస్తుంది. వేడి లైనుకు చిల్లులు, చన్నీళ్ల లైనుకు లేకపోవడం ఈ కారణానికీ సరిపోతుంది.

ఈ రెండు కారణాల్లో ఏది అన్నది వంటగది బాయిలర్ తేల్చింది. అదే బోరు నీళ్లు, అదే సాఫ్ట్‌నర్, అదే జీఐ, థర్మోస్టాట్ 60 డిగ్రీల పైనే. లేనిది రాగి మాత్రమే. ఆ లైనులో ఒక ముక్క కోసి చూస్తే లోపల పలచటి తెల్లటి జింకు తుప్పు తప్ప గుంటలు లేవు. వేడి ఒక్కటే కారణమైతే ఇక్కడా గుంటలుండాలి.

తర్వాత నీళ్ల పరీక్ష. రాత్రంతా నిలిచిన నీళ్లను తెల్లవారుజామున, ఎవరూ కుళాయి తిప్పకముందే పట్టాలి. లోహాల పరీక్షకు పట్టే ప్లాస్టిక్ సీసాను ముందే నైట్రిక్ ఆమ్లంతో కడిగి, నీళ్లు పట్టాక పీహెచ్ (తగ్గేకొద్దీ నీళ్లు ఆమ్లం వైపు మొగ్గినట్టు) 2 కిందికి వచ్చేలా అదే ఆమ్లం కొన్ని చుక్కలు వేయాలి. లేకపోతే రాగి సీసా గోడకే పట్టి ఫలితం తక్కువ వస్తుంది. పీహెచ్ మాత్రం ఇంకో సీసాతో అక్కడికక్కడే చూడాలి. ల్యాబుకు చేరేలోపు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది. ఈ హాస్టల్‌కు పాత ల్యాబ్ రిపోర్టులో 7.6 ఉంది, బోరు దగ్గర కొలిస్తే 6.8. రాగి కరగడానికి కారణం ఆ తేడాలోనే దాక్కుని ఉంది.

బోరు దగ్గర రాగి కొలవదగినంత లేదు. ట్యాంకు వేడినీళ్ల మూతి దగ్గర లీటరుకు 0.38 మిల్లీగ్రాములు, జింకు 0.05. లైను చివరి బాత్రూములో రాగి 0.09కి తగ్గింది, జింకు 1.40కి పెరిగింది. తగ్గిన 0.29 మిల్లీగ్రాముల రాగి ఎటు పోయింది? పైపు గోడ మీదికి. రాగి, జింకు పరమాణు భారాలు దగ్గరదగ్గరగా ఉంటాయి (63.5, 65.4), రెండూ రెండేసి ఎలక్ట్రాన్ల లెక్కే. కాబట్టి ఈ మార్పిడికి ఖర్చయ్యే జింకు 0.30. కానీ పెరిగింది 1.35. మిగిలిన 1.05 మిల్లీగ్రాముల జింకు తన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు ఇచ్చుకుంది. అందులో పెద్ద వాటా ఇదివరకే వాలిన రాగి చుక్కల మీదుగా పోయిందే, ఎందుకంటే రాగి లేని బాయిలర్ లైను చివర జింకు ఇంతలో మూడోవంతు కూడా లేదు. గుడ్డలో కట్టిన మిరపగింజ లాంటిది ఈ రాగి: ఉన్నది కొంచెమే, మంట అంతటా. గాల్వనైజ్డ్ పైపులో వేడినీళ్లకు లీటరుకు 0.1 మిల్లీగ్రాము రాగి ఉన్నా గుంటలు పడే ప్రమాదం ఉంటుంది. తాగునీటి ప్రమాణంలో వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి ఉంది. మనిషికి పర్వాలేని నీళ్లు పైపుకు విషం కావచ్చు.

రోజు మొత్తం సగటు 0.2 అనుకున్నా 2000 లీటర్లకు 400 మిల్లీగ్రాములు, ఏడాదికి 146 గ్రాముల రాగి. అదంతా వాలితే మార్పిడికే 150 గ్రాముల జింకు పోతుంది. చదరపు మీటరుకు 400 గ్రాముల పూత (దాదాపు 56 మైక్రాన్ల మందం) లెక్కన ఒక ఇంచీ పైపులో నాలుగు మీటర్లకు పైగా పూత మొత్తం ఊడినట్టు. చిల్లులు ట్యాంకు దగ్గరే ఎక్కువ ఎందుకున్నాయో దీంతో తేలిపోయింది.

చివరగా పైపులోనే రాగిని చూపించాలి. చిల్లు పడ్డ ముక్కను నిలువుగా కోసి, ఒక తుప్పు గడ్డ లేపి, దాని కింద గీకిన పొడిని గాజు గిన్నెలో వేసి, సజల నైట్రిక్ ఆమ్లంతో కరిగించాం. ఆరుబయట, గ్లౌజులు, కళ్లద్దాలతో చేయవలసిన పని, గోధుమరంగు పొగ వస్తుంది. అందులో అమ్మోనియా ద్రావణం ఎక్కువగా పోస్తే ఇనుము మట్టిరంగు ముద్దలా దిగిపోయింది. వడగట్టిన నీళ్లు ముదురు నీలంగా వచ్చాయి. జింకుకు ఆ రంగు రాదు, ఇనుముకు రాదు. అది రాగి.

హాస్టల్ కమిటీకి ఇంత రసాయనశాస్త్రం చెప్పి ఖర్చుకు ఒప్పించడం కష్టం. రైతులు వాడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి, కొత్త జీఐ ముక్కను అందులో నిలబెట్టి చూపించాం. కాసేపటికే మెరిసే పూత నల్లబడి, ఆ పైన ఎర్రటి రాగి పొడి పట్టింది. నీలి నీళ్లు వెలవెలబోయాయి. "అంటే మా పైపులో రోజూ ఇదే జరుగుతోందా అండీ?" అని వార్డెన్ గారు అడిగారు. జరుగుతున్నది అదే, చాలా పలచగా, చాలా నెమ్మదిగా.

పనిచేసిన పరిష్కారం

పరిష్కారానికి రెండు దారులు: రాగి అయాన్లు పుట్టకుండా చూడటం, పుట్టినా వాటికి ఎలక్ట్రాన్లు ఇచ్చే లోహం దారిలో లేకుండా చూడటం. రెండూ చేశాం, ఎందుకంటే మొదటిది ఎప్పుడూ పూర్తిగా సాధ్యం కాదు.

మొదటి దానికి పెద్ద ఖర్చు లేదు. బోరు పైపు సంపులో నీళ్ల అడుగున ముంచి ఉండేది. దాన్ని పైకి తీసి, రంధ్రాలు చేసిన అడ్డపైపు పెట్టి, నీళ్లు జల్లుగా పడేలా చేశాం. కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి సంపులో పీహెచ్ 7.5కు చేరింది. సాఫ్ట్‌నర్‌కు బైపాస్ వాల్వు పెట్టి, గట్టిదనం సున్నాకు దించకుండా లీటరుకు 70 మిల్లీగ్రాముల దగ్గర నిలిపాం. పూర్తిగా మెత్తబడిన నీళ్లలో గొట్టం లోపల పలచటి సున్నపు పొర ఏర్పడదు, లోహం నగ్నంగా ఉండిపోతుంది. మరీ ఎక్కువైతే కలెక్టర్ మూసుకుపోతుంది. ఈ రెంటి మధ్య నడవాలి.

రెండో దానికి జీఐ తీసేయాలి. బడ్జెట్ ఒకేసారి రాదు కాబట్టి చిల్లులు ఎక్కువున్న ట్యాంకు వైపు ముందు మార్చి, దూరంవి తర్వాత మారుద్దామని సహజంగానే ప్రతిపాదన వచ్చింది. దాన్ని గట్టిగా వద్దన్నాం. ఇన్నాళ్లూ ట్యాంకు దగ్గరి జీఐ తాను తినబడుతూ రాగిని పట్టుకుని దూరం లైన్లను కాపాడుతోంది. దాన్ని తీస్తే రాగి మొత్తం మిగిలిన జీఐ మీదికే పోతుంది. వేసవి సెలవుల దాకా మొదటి మూడు మీటర్ల పాత జీఐని రెండు వైపులా యూనియన్లతో కావాలనే ఉంచి, చిల్లు పడితే అరగంటలో మార్చేలా రెండు ముక్కలు మరకొట్టి సిద్ధంగా పెట్టాం. సెలవుల్లో లైను మొత్తం ఒకేసారి మార్చారు.

కొత్త లైనుకు సీపీవీసీ (వేడినీళ్లకు పనికొచ్చే ప్లాస్టిక్) పైపు, ఎస్‌డీఆర్ 11 (బయటి వ్యాసం గోడ మందానికి 11 రెట్లు) ఎంచుకున్నాం, కానీ ట్యాంకు మూతి నుంచే కాదు. సెలవుల్లో వాడకం లేనప్పుడు ట్యాంకులో నీళ్లు మరిగే దాకా పోతాయి. సీపీవీసీ 93 డిగ్రీల దాకానే పనికొస్తుంది. అందుకని ట్యాంకు నుంచి మొదటి మూడు మీటర్లు స్టెయిన్‌లెస్ పైపు, దాని చివర వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి 60 దాటకుండా చూసే మిక్సింగ్ వాల్వు, ఆ తర్వాత సీపీవీసీ. కలెక్టర్, ట్యాంకు మధ్య లైనులో ప్లాస్టిక్ ఏదీ వద్దు.

సీపీవీసీ వేడికి బాగా సాగుతుంది. 30 మీటర్ల లైను 45 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 85 మిల్లీమీటర్లు పెరుగుతుంది. క్లాంపులు బిగించి కట్టేస్తే మూలల్లో ఎల్బోలు పగులుతాయి. మధ్యలో యు ఆకారపు మలుపు ఇచ్చి, క్లాంపులు జారేలా వదులుగా ఉంచాలి. డాబా మీద ఎండ నేరుగా తగలకుండా ఇన్సులేషన్, దాని మీద అల్యూమినియం రేకు చుట్టించాం.

ఏడాది తర్వాత

లైనుకు లీకు లేదు. తెల్లవారుజాము నీళ్లలో ట్యాంకు మూతి దగ్గర రాగి 0.06, చివరి బాత్రూములో 0.06. రెండు చోట్లా ఒకటే ఉండటం మంచి సూచన: దారిలో రాగికి ఎలక్ట్రాన్లు ఇచ్చే గోడ లేదు. టైల్స్ మీద కొత్త మరక పడలేదు.

ఇలాంటి లైను చూడటానికి వెళ్లినప్పుడు ముందు నీళ్లు ఏ లోహం తర్వాత ఏ లోహాన్ని తాకుతున్నాయో కాగితం మీద వరసగా రాసుకోవాలి. జీఐ ముందు, రాగి తర్వాత ఉంటే, జాయింటులో యూనియన్ పెడితే సాధారణంగా చాలు. రాగి ముందు, జీఐ తర్వాత ఉంటే యూనియన్ ఎంత మంచిదైనా నమ్మకూడదు. నీళ్లు తిరిగి తిరిగి వచ్చే సర్క్యులేషన్ లైనైతే ముందు, వెనుక అన్న తేడాయే లేదు, రాగి ఎక్కడున్నా జీఐకి చేరుతుంది. యూనియన్‌ను మల్టీమీటర్‌తో పరీక్షించేవాళ్లు లైను ఖాళీ చేసి చూడాలి. నీళ్లుంటే అయాన్ల గుండా కరెంటు నడిచి, బుష్ బాగున్నా రెసిస్టెన్స్ తక్కువ చూపిస్తుంది. రెండు వైపుల క్లాంపులూ ఒకే స్లాబు ఇనుముకు తగిలి ఉన్నా అంతే.

చన్నీళ్ల జీఐ లైనును మార్చలేదు, దానికి అవసరం లేదు. కానీ ఇప్పుడు అది మిక్సింగ్ వాల్వు దగ్గరా, ట్యాంకు చన్నీళ్ల మూతి దగ్గరా వేడినీళ్లతో కలుస్తోంది. మోటారు ఆగినప్పుడు ట్యాంకు నీళ్లు వెనక్కి జారితే రాగి అందులోకీ చేరుతుంది. రెండు చోట్లా నాన్ రిటర్న్ వాల్వులు బిగించాం. వాటి లోపలి రబ్బరు సీటు వేడికి గట్టిపడుతుంది కాబట్టి ఏటా వేసవి సెలవుల్లో విప్పి చూడాలని, చన్నీళ్ల లైను మొదటి కుళాయి దగ్గర అదే రోజు రాగి పరీక్షకు సీసా పట్టాలని హాస్టల్ మెయింటెనెన్స్ రిజిస్టరులో రాయించాం.